సైకాలజీ సైన్సేనా? ఈ వాదన ఎందుకు తెగట్లేదో మొదటి నుంచి చూద్దాం

డిగ్రీ, పీజీ అడ్మిషన్ల టైంలో ఈ డౌట్ చాలామందికి వస్తుంది. ఒక యూనివర్సిటీలో సైకాలజీ చదివితే ఎంఏ ఇస్తారు, ఇంకో చోట దాదాపు అదే సిలబస్‌కి ఎంఎస్సీ ఇస్తారు, మరి ఇది ఆర్ట్సా సైన్సా అని పిల్లలు అడిగితే ఇంట్లో వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. ఫోన్ తెరిస్తే "సైకాలజీ ప్రకారం కుడివైపు పైకి చూస్తూ మాట్లాడితే అబద్ధం చెప్తున్నట్టే" లాంటి రీల్స్ వరసగా వస్తాయి (ఈ కళ్ళ సంగతి బ్రిటిష్ సైకాలజిస్ట్ రిచర్డ్ వైజ్‌మన్ టీమ్ 2012లో పరీక్షించి చూసింది, అబద్ధానికీ కళ్ళు తిరిగే వైపుకీ సంబంధమే కనపడలేదు). సైన్స్ గ్రూపుల్లో చదివిన కొందరేమో సైకాలజీ అంతా ఊరికే అభిప్రాయాలే అని కొట్టిపారేస్తారు. డిప్రెషన్‌తో బాధపడుతూ కౌన్సెలింగ్‌కి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషి చెవిన ఇవన్నీ ఒకేసారి పడితే ఎవరిని నమ్మాలి? అందుకే దీన్ని కాలక్షేపం చర్చగా వదిలేయలేం.

నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. "సైకాలజీ మొత్తం సైన్సా కాదా" అని అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే ఆ ఒక్క పేరు కింద చాలా గట్టి విషయాలూ చాలా డొల్ల విషయాలూ పక్కపక్కనే ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే గట్టివాటికీ అన్యాయం జరుగుతుంది, డొల్లవాటికీ లేని గౌరవం వస్తుంది. ఒక్కో మాటని విడిగా పట్టుకుని, దీన్ని ఎలా కొలిచారు, ఇది తప్పని తేలే ఛాన్స్ అసలు ఇచ్చారా, వేరేవాళ్ళు చేసినప్పుడూ అదే వచ్చిందా అని అడిగితే అప్పుడు జవాబు దొరుకుతుంది.

ముందు ఏది సైకాలజీ, ఏది కాదు

మనుషుల ప్రవర్తన, ఆలోచన, జ్ఞాపకం, ఎమోషన్స్ ఎలా పనిచేస్తాయో స్టడీ చేసే సబ్జెక్ట్ సైకాలజీ. సైకియాట్రీ అనేది మెడిసిన్‌లో ఒక బ్రాంచ్, ఎంబీబీఎస్ తర్వాత ఎండీ లాంటి పీజీ చేసినవాళ్ళు సైకియాట్రిస్టులు, మందులు రాసేది వాళ్ళు. క్లినికల్ సైకాలజిస్టులు మందులు రాయరు, టెస్టులు చేస్తారు, థెరపీ ఇస్తారు, మన దేశంలో వాళ్ళకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది. సైకోఎనాలిసిస్ అంటే ఫ్రాయిడ్ మొదలుపెట్టిన ఒక పద్ధతి, మనకే తెలియకుండా లోపల ఉండే (అన్‌కాన్షియస్) కోరికలు, చిన్నప్పటి సంఘటనలు, కలలు వీటి ఆధారంగా మనసుని వివరించేది. మన దగ్గర చాలామంది సైకాలజీ అనగానే ఫ్రాయిడే అనుకుంటారు కానీ ఇవాళ యూనివర్సిటీల్లో జరిగే రీసెర్చ్‌లో ఆయన వాటా చాలా చిన్నది. ఇక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ట్రైనర్లు, వేలిముద్రలు చూసి పిల్లల తెలివి ఏ రకమో చెప్తామనే సెంటర్లు, ఇవి సైకాలజీ మాటలు వాడుకుంటాయి, అంతవరకే.

ఇండియాలో దీన్ని మొదట్నుంచీ సైన్స్ పక్కనే కూర్చోబెట్టారు. 1916లో కలకత్తా యూనివర్సిటీలో సైకాలజీ డిపార్ట్‌మెంట్ మొదలైంది, దాన్ని నడిపిన ఎన్.ఎన్. సేన్‌గుప్తా హార్వర్డ్‌లో చదివొచ్చి ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్ల మీద పనిచేసిన మనిషి. 1923లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ సైకాలజీకి విడిగా ఒక సెక్షన్ ఇచ్చింది. అయితే అదే కలకత్తాలో 1922లో గిరీంద్రశేఖర్ బోస్ ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టారు, ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు. కొలతల సైకాలజీ, ఫ్రాయిడ్ సైకాలజీ రెండూ మన దేశంలోకి ఒకే ఊరి నుంచి, దాదాపు ఒకే టైంలో వచ్చాయన్నమాట.

తప్పని తేలే అవకాశం ఉందా: పాపర్ అడిగిన ప్రశ్న

సైన్స్ అని దేన్ని అనాలి అనే దాని మీద ఎక్కువగా వినిపించే పేరు ఫిలాసఫర్ కార్ల్ పాపర్‌ది. 1919లో ఆయన వియన్నాలో కుర్రాడు, చుట్టూ ఫ్రాయిడ్, ఆడ్లర్ (ఫ్రాయిడ్ కాలపు ఇంకో మనస్తత్వవేత్త), మార్క్స్, ఐన్‌స్టీన్ థియరీల గురించే చర్చలు. ఆ ఏడాది సూర్యగ్రహణం టైంలో ఐన్‌స్టీన్ లెక్కని పరీక్షించారు. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రం వెలుగు 1.75 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే ఒక డిగ్రీలో 3,600వ వంతు) వంగాలని ఐన్‌స్టీన్ థియరీ అంది, న్యూటన్ ప్రకారం లెక్కేస్తే అందులో సగమే. నంబర్ వేరేలా వచ్చి ఉంటే ఐన్‌స్టీన్ థియరీ అక్కడికక్కడ ఇరుకున పడేది. పాపర్‌కి నచ్చింది ఆ రిస్కే.

ఫ్రాయిడ్, ఆడ్లర్ల దగ్గర ఆ రిస్క్ ఆయనకి కనపడలేదు, ఒక ఉదాహరణతో చెప్పారు. ఒకడు పిల్లాడిని చంపాలని నీళ్ళలోకి తోశాడు, ఇంకొకడు అదే పిల్లాడిని కాపాడబోయి ప్రాణం ఇచ్చాడు. ఫ్రాయిడ్ లెక్కలో మొదటివాడిది లోపల అణచిపెట్టుకున్న కోరిక, రెండోవాడు అదే కోరికని మంచి దారికి మళ్ళించుకున్నాడు. ఆడ్లర్ లెక్కలో ఇద్దరిదీ న్యూనతా భావమే, ఒకడు నేరం చేసే ధైర్యం ఉందని, ఇంకొకడు కాపాడే ధైర్యం ఉందని నిరూపించుకోవాలనుకున్నాడు. మనిషి ఏం చేసినా థియరీకి సరిపోతుంటే, ఆ థియరీ తప్పని ఎప్పటికి తెలియాలి?

చాలామంది ఈ వాదనని పట్టుకుని చూశారా పాపర్ సైకాలజీని సైన్స్ కాదన్నాడు అంటారు, కానీ ఆయన అక్కడ గురిపెట్టింది ఫ్రాయిడ్, ఆడ్లర్ల మీద, జ్ఞాపకశక్తిని సెకన్లలో కొలిచే ల్యాబ్ సైకాలజీ సంగతి వేరు. పైగా ఫ్రాయిడ్ విషయంలో కూడా అందరూ పాపర్‌తో ఏకీభవించలేదు, అడాల్ఫ్ గ్రూన్‌బౌమ్ అనే ఫిలాసఫర్ 1984లో, ఫ్రాయిడ్ చెప్పిన వాటిలో చాలా వాటిని పరీక్షించొచ్చు, కాకపోతే ఆయన చూపించిన సాక్ష్యం నిలబడదు అని వాదించారు.

సైన్స్ చరిత్రకారుడు థామస్ కూన్‌ది ఇంకో దారి. 1958-59లో ఆయన స్టాన్‌ఫర్డ్‌లో సోషల్ సైంటిస్టుల మధ్య ఒక ఏడాది గడిపారు, తమ సబ్జెక్టులో అసలు ఏ ప్రశ్న సరైన ప్రశ్న, ఏ పద్ధతి సరైన పద్ధతి అనే దాని మీదే వాళ్ళు గొడవపడటం చూసి ఆశ్చర్యపోయారు, ఫిజిక్స్‌లో అలాంటి గొడవలు మామూలుగా కనపడవు కదా అనుకున్నారు, 1962లో వచ్చిన ఆయన పారడైమ్ ఐడియాకి (ఒక సైన్స్‌లో అందరూ ఒప్పుకుని పనిచేసే ఉమ్మడి చట్రం) అదొక ప్రేరణ. ఆ కొలమానంతో చూస్తే సైకాలజీకి అందరూ ఒప్పుకున్న ఒకే చట్రం ఇప్పటికీ లేదు. ఇక 1983లో లారీ లాడన్ అనే ఫిలాసఫర్ అయితే సైన్స్‌కీ సైన్స్ కానిదానికీ మధ్య ఒకే గీత గీయాలనే ప్రయత్నమే వదిలేయండి, ఒక్కో వాదనకి ఎంత ఆధారం ఉందో చూడండి చాలు అన్నారు. నేను పైన చెప్పింది దాదాపు ఈ దారే.

మనసుని కొలవడం కుదురుతుందా

1786లో జర్మన్ ఫిలాసఫర్ కాంట్ సైకాలజీ అసలైన సైన్స్ కాలేదు అన్నారు, మనసులో జరిగేవాటికి లెక్కలు వర్తించవు అనేది ఆయన ముఖ్య కారణం. వంద ఏళ్ళు తిరక్కముందే ఆ మాటకి గట్టి జవాబే వచ్చింది.

జర్మనీలో ఎర్నెస్ట్ వెబర్ మనుషుల చేతికి బరువులిచ్చి ఎంత తేడా ఉంటే వాళ్ళకి తెలుస్తుందో కొలిచారు. తేడా ఎన్ని గ్రాములు అన్నది ముఖ్యం కాదు, ఉన్న బరువులో అది ఎన్నో వంతు అన్నదే ముఖ్యం అని తేలింది, బరువు ఎత్తి చూసేటప్పుడు అది సుమారు నలభైలో ఒక వంతు. అంటే 400 గ్రాములు పట్టుకున్నప్పుడు 10 గ్రాములు కలిపితే తేడా తెలియడం మొదలవుతుంది, అదే 4 కిలోలు పట్టుకున్నప్పుడు 10 గ్రాములు కలిపితే ఏమీ తెలియదు, 100 గ్రాములు కావాలి. 1860లో ఫెక్నర్ దీన్ని మ్యాథ్స్ ఫార్ములాగా రాశారు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో ల్యాబ్ పెట్టారు, సైకాలజీ పుట్టిన ఏడాదిగా పుస్తకాల్లో చెప్పేది దాన్నే.

1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ చేసిన పని నాకు ఇంకా ఇష్టం. అర్థం లేని అక్షరాల లిస్టులు తయారుచేసుకుని, తన మీద తనే ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నది ఎంత టైంకి ఎంత మర్చిపోతామో గ్రాఫ్ గీశారు, మొదటి గంటల్లో చాలా వేగంగా, తర్వాత మెల్లగా మర్చిపోతాం. ప్రయోగంలో పాల్గొన్నది ఒకే ఒక్క మనిషి, అదీ తనే, ఇది ఎలా నమ్మాలి అనిపిస్తుంది. కానీ 2015లో నెదర్లాండ్స్‌లో ముర్రే, డ్రోస్ అనే ఇద్దరు మళ్ళీ అదే ప్రయోగం చేస్తే 130 ఏళ్ళ తర్వాత కూడా దాదాపు అదే గ్రాఫ్ వచ్చింది. దీన్ని సైన్స్ కాదు అనడానికి నాకైతే కారణం దొరకట్లేదు.

అయితే బరువు తెలియడం, లిస్టు మర్చిపోవడం కొలిచినంత ఈజీగా బాధని కొలవలేం, అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పేపర్ ప్రపంచమంతా వాడతారు, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఒకరికి నిద్ర లేదు, ఆకలి లేదు, నీరసం, దేని మీదా ధ్యాస నిలవట్లేదు, ఇవన్నీ కలిపి 12 వచ్చాయి అనుకుందాం. ఇంకొకరికి నిద్ర, తిండి బాగానే ఉన్నాయి కానీ దిగులు, నేను దేనికీ పనికిరాను అనే భావం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, చచ్చిపోవాలనే ఆలోచనలు, ఇవి కలిపి అదే 12. నంబర్ ఒకటే, ఇద్దరి పరిస్థితి ఒకటేనా? 6 వచ్చినవాడి కంటే 12 వచ్చినవాడికి సరిగ్గా రెట్టింపు బాధ ఉందని అనగలమా? అనలేం. ఆస్ట్రేలియాకి చెందిన జోయెల్ మిచెల్ లాంటి విమర్శకులు ఎప్పట్నుంచో అంటున్నది ఇదే, నంబర్ ఇచ్చినంత మాత్రాన కొలిచినట్టు కాదు, ఆ లక్షణం నిజంగా నంబర్లలో ఒదిగేదేనా అని ముందు చూడాలి అని. దీనికి మెజారిటీ సైకాలజిస్టులు ఇచ్చే జవాబు ఏంటంటే, స్కోరు పర్ఫెక్ట్ కాకపోయినా డాక్టర్ విడిగా పరీక్షించి చెప్పినదానితో చాలావరకు కలుస్తుంది, ట్రీట్‌మెంట్‌తో మారుతుంది, కాబట్టి పనికొస్తుంది. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది, ఈ వాదన ఇంకా ముగియలేదు.

2011లో ఏం బయటపడింది, అందులో వైజాగ్ సంగతేంటి

ఇక్కడ మన తెలుగు నేలకి ఒక నిజమైన లింకు ఉంది, చాలామందికి తెలియదు. 1960ల్లో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ అండ్ పారాసైకాలజీ డిపార్ట్‌మెంట్ వచ్చింది. టెలిపతీ, భవిష్యత్తు ముందే తెలియడం లాంటివాటిని పరీక్షించేది పారాసైకాలజీ. దాని వెనక ఉన్నది కోనేరు రామకృష్ణారావు, అమెరికాలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్‌తో కలిసి పనిచేసి వచ్చారు, తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. రైన్ పద్ధతి సింపుల్, ఐదు రకాల గుర్తులున్న 25 కార్డులు, మనిషి చూడకుండా ఏ కార్డో చెప్పాలి, ఊరికే గెస్ చేస్తే సగటున 5 కరెక్ట్ అవుతాయి, అంతకంటే చాలా ఎక్కువసార్లు కరెక్ట్ అయితే ఏదో ఉన్నట్టు. ల్యాబ్ ఉంది, లెక్కలు ఉన్నాయి, స్టాటిస్టిక్స్ ఉంది, చేసినవాళ్ళు చిత్తశుద్ధితోనే చేశారు. మరి మిగతా సైకాలజిస్టుల్లో ఎక్కువమంది ఎందుకు ఒప్పుకోలేదు? వేరే ల్యాబుల్లో ఆ రిజల్ట్స్ నమ్మకంగా మళ్ళీ రాలేదు, అదీ కారణం.

2011లో ఇదే కథ సైకాలజీ నట్టింట్లోకి వచ్చింది. కార్నెల్ యూనివర్సిటీలో పేరున్న సైకాలజిస్ట్ డేరిల్ బెమ్ వెయ్యిమందికి పైగా మనుషులతో 9 ప్రయోగాలు చేసి, భవిష్యత్తులో జరగబోయేది మనుషులకి కాస్త ముందే తెలుస్తోందని ఫీల్డ్‌లో టాప్ జర్నల్‌లో పేపర్ వేశారు. ఒక ప్రయోగంలో కంప్యూటర్ స్క్రీన్ మీద రెండు కర్టెన్లు, బొమ్మ ఏ కర్టెన్ వెనక వస్తుందో చెప్పాలి, ఊరికే గెస్ చేస్తే 50 శాతం రావాలి, ఒక రకం బొమ్మలకి 53.1 శాతం వచ్చింది. బెమ్ వాడిన పద్ధతులు అప్పట్లో మిగతా అందరూ వాడుతున్నవే. ఇదీ అందరినీ భయపెట్టిన విషయం, ఆ పద్ధతులు సరైనవైతే భవిష్యత్తు తెలుస్తుందని ఒప్పుకోవాలి, లేదంటే పద్ధతులే లూజుగా ఉన్నాయని, వాటితో తేల్చిన మిగతావి కూడా అనుమానించాలని ఒప్పుకోవాలి. ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు అదే ప్రయోగం మళ్ళీ చేసి ఏమీ రాలేదని రాస్తే, మేం పాత ప్రయోగాల రిపీట్లు వెయ్యం అని అదే జర్నల్ తిప్పి పంపింది, 2012లో వేరే చోట వచ్చింది.

పద్ధతుల్లో ఉన్న లూజు ఏంటో లెక్క వేసి చూద్దాం. సైకాలజీలో రిజల్ట్ ఊరికే లక్కు వల్ల వచ్చే అవకాశం 5 శాతం లోపు ఉంటే నిజమైన ఎఫెక్ట్‌గా తీసుకోవడం అలవాటు. ఒకే ఒక్క టెస్ట్ చేస్తే, అసలు ఏ ఎఫెక్టూ లేకపోయినా ఉందని పొరబడే ఛాన్స్ 5 శాతం, సరే. కానీ రీసెర్చర్ ఆడవాళ్ళని విడిగా, మగవాళ్ళని విడిగా చూశాడు, వయసు కలిపి చూశాడు, వయసు తీసేసి చూశాడు, మూడు రకాల స్కోర్లు కొలిచి బాగా వచ్చింది ఒకటే రాశాడు, అలా 20 రకాలుగా చూశాడు అనుకుందాం. ఒక్కోసారి పొరబడకుండా ఉండే ఛాన్స్ 0.95, ఇరవైసార్లూ పొరబడకుండా ఉండే ఛాన్స్ అంటే 0.95ని ఇరవైసార్లు గుణించాలి, సుమారు 0.36 వస్తుంది. అంటే కనీసం ఒక్కసారైనా లేనిది ఉన్నట్టు కనపడే ఛాన్స్ 64 శాతం! మోసం చేసే ఉద్దేశం ఏమాత్రం లేకుండానే ఇది జరిగిపోతుంది. 2011లోనే సిమ్మన్స్, నెల్సన్, సైమన్‌సోన్ అనే ముగ్గురు ఇదే ట్రిక్కులు వాడి, ఒక పాత ఇంగ్లీష్ పాట విన్న స్టూడెంట్ల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిపోయిందని స్టాటిస్టిక్స్‌తో "నిరూపించి" చూపించారు, ఈ పద్ధతులతో ఏదైనా నిరూపించొచ్చు అని చెప్పడానికే.

దీనికి తోడు రిజల్ట్ వచ్చిన పేపర్లే అచ్చవుతాయి, రానివి బీరువాలో ఉండిపోతాయి. పుట్టబోయేది అబ్బాయే అని వందమందికి చెప్పిన జ్యోతిష్యుడి గురించి, నిజమైన యాభైమందీ ఊరంతా చెప్తారు, కానివాళ్ళు ఎవరికీ చెప్పరు, ఆయనకి పేరొస్తుంది, జర్నల్స్‌లో జరిగిందీ అదే.

తర్వాత ఏది కూలింది, ఏది నిలబడింది

అమెరికన్ సైకాలజిస్ట్ బ్రయన్ నోసెక్ ఆధ్వర్యంలో పెద్ద టీమ్ ఒకటి, 2008లో మూడు ముఖ్యమైన జర్నల్స్‌లో వచ్చిన వాటిలోంచి 100 స్టడీలు తీసుకుని మళ్ళీ చేసింది, 2015లో రిజల్ట్స్ వచ్చాయి. అసలు పేపర్లలో 97 శాతం ఎఫెక్ట్ ఉందన్నవే, మళ్ళీ చేస్తే 36 శాతంలోనే వచ్చింది, వచ్చిన ఎఫెక్టుల సైజు కూడా సగటున సగానికి పడిపోయింది. అయితే లోపలికి వెళ్ళి చూస్తే జ్ఞాపకం, దృష్టి లాంటి కాగ్నిటివ్ సైకాలజీ స్టడీలు సగం నిలబడ్డాయి, సోషల్ సైకాలజీవి నాలుగోవంతే. ఒకే పేరు కింద ఎంత తేడా ఉందో చూడండి.

దీని మీద ఎదురువాదం కూడా గట్టిదే. 2016లో డేనియల్ గిల్బర్ట్, ఇంకొందరు హార్వర్డ్, వర్జీనియా ప్రొఫెసర్లు, మళ్ళీ చేసిన ప్రయోగాలు చాలా చోట్ల అసలుకి దగ్గరగా లేవు అన్నారు. ఉదాహరణకి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్లకి జాతి ఆధారంగా ఇచ్చే అడ్మిషన్ల గురించి వీడియో చూపించి చేసిన స్టడీని ఆమ్‌స్టర్‌డామ్ స్టూడెంట్లతో చేశారు, వాళ్ళకి ఆ గొడవే తెలియదు కదా. మన రిజర్వేషన్ల చర్చ వీడియోని జపాన్‌లో చూపించి రియాక్షన్ రాలేదంటే ఎలా అనొచ్చు. పాయింటే, కానీ దీనికి జవాబుగా ఒకే ప్రయోగాన్ని పదుల ల్యాబుల్లో, అసలు రీసెర్చర్లని సంప్రదించి మరీ చేసినప్పుడు కూడా కొన్ని పేరున్న ఎఫెక్టులు నిలబడలేదు.

విల్‌పవర్ సంగతి చూడండి. 1998లో రాయ్ బామీస్టర్ టీమ్, ముందు వేడి వేడి కుకీలు పెట్టి తినకుండా ముల్లంగి తినమన్నవాళ్ళు, తర్వాత ఇచ్చిన పజిల్‌ని సుమారు 8 నిమిషాలకే వదిలేశారని, కుకీలు తిన్నవాళ్ళు సుమారు 19 నిమిషాలు ప్రయత్నించారని చూపించింది. సెల్ఫ్ కంట్రోల్ వాడేకొద్దీ అయిపోతుంది అనే ఐడియా దీంతో ప్రపంచమంతా పాకింది, వందల పేపర్లు వచ్చాయి, మోటివేషన్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్తున్నారు. 2016లో 23 ల్యాబులు 2,141 మందితో చేస్తే ఎఫెక్ట్ దాదాపు సున్నా. వాళ్ళు వాడిన టాస్క్ సరైనది కాదని బామీస్టర్ అన్నారు, ఆ ఐడియా మీద నమ్మకం ఉన్న క్యాథ్లీన్ వోస్ నాయకత్వంలోనే 36 ల్యాబులు 3,500 మందికి పైగా మనుషులతో మళ్ళీ చేశాయి, 2021లో వచ్చిన ఆ రిజల్ట్‌లో కూడా చెప్పుకోదగ్గ ఎఫెక్ట్ ఏమీ లేదు.

నిలబడినవీ తక్కువేం కాదు. "ఎరుపు" అనే మాటని నీలం ఇంకుతో రాసి ఇంకు రంగు చెప్పమంటే తడబడతాం, 1935లో స్ట్రూప్ చూపించిన ఈ ఎఫెక్ట్‌ని మీరు ఇంట్లో పిల్లలతో చేసినా వస్తుంది. ముందు ఒక పెద్ద నంబర్ చెప్పి తర్వాత ఏదైనా అంచనా వేయమంటే అంచనా కూడా పెరిగిపోతుంది, 1974లో ట్వర్‌స్కీ, కానెమన్ చెప్పిన ఈ యాంకరింగ్‌ని 2014లో 36 చోట్ల, 6 వేలకి పైగా మనుషులతో పరీక్షిస్తే అసలు స్టడీలో కంటే బలంగా కనపడింది.

మిగతా సైన్సులు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయా

సైన్స్ కాదు అనేవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగాలి. 2012లో ఆమ్‌జెన్ కంపెనీ తరఫున గ్లెన్ బెగ్లీ, క్యాన్సర్ రీసెర్చ్‌లో మైలురాళ్ళు అనదగ్గ 53 పేపర్లని మళ్ళీ చేసి చూస్తే 6 మాత్రమే నిలబడ్డాయని రాశారు. క్యాన్సర్ బయాలజీని సైన్స్ కాదని ఎవరూ అనరు. 1987లో ల్యారీ హెడ్జెస్, పార్టికల్ ఫిజిక్స్‌లో ఒకే విషయాన్ని వేర్వేరుగా కొలిచినప్పుడు వచ్చే తేడాలని సైకాలజీలాంటి రంగాల్లో వచ్చే తేడాలతో పోల్చి చూస్తే రెండూ అనుకున్నంత దూరంగా లేవని తేల్చారు. రిజల్ట్ మళ్ళీ రాకపోవడం ఒక్కదాన్నే పట్టుకుని సైకాలజీని బయటికి గెంటలేం.

కానీ సైకాలజీని సమర్థించేవాళ్ళు కూడా దీంతో తప్పించుకోలేరు, ఎందుకంటే బలమైన విమర్శ సైకాలజిస్టుల్లోంచే వచ్చింది. పాల్ మీల్ 1967లోనూ 1978లోనూ చెప్పింది ఇది. ఐన్‌స్టీన్ థియరీ 1.75 అనే నంబర్ చెప్పింది, కొలత పరికరం మెరుగయ్యేకొద్దీ ఆ నంబర్ తప్పే ఛాన్స్ పెరుగుతుంది, థియరీకి పరీక్ష కష్టమవుతుంది. సైకాలజీ థియరీలు ఎక్కువగా చెప్పేది ఇది పెరిగితే అది పెరుగుతుంది అని మాత్రమే. మనుషుల విషయంలో ప్రతిదానికీ ప్రతిదానితో ఎంతో కొంత సంబంధం ఉంటుంది, చదువుకీ ఆదాయానికీ, ఆదాయానికీ ఆరోగ్యానికీ, ఆరోగ్యానికీ మూడ్‌కీ. కాబట్టి ఎక్కువమందిని తీసుకుని బాగా కొలిచేకొద్దీ ఏదో ఒక తేడా కచ్చితంగా బయటపడుతుంది, అది పెరిగే వైపుందా తగ్గే వైపుందా అన్నది ఒక్కటే మిగులుతుంది, తలా తోకా లేని థియరీ కూడా దాదాపు సగంసార్లు పాసైపోతుంది. డేటా ఎక్కువయ్యేకొద్దీ పరీక్ష ఈజీ అవుతుందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే కదా. నా దృష్టిలో సైకాలజీ మీద ఉన్న విమర్శలన్నిట్లో లోతైనది ఇదే.

ఎవరిని పరీక్షిస్తున్నారు అనేది ఇంకో సమస్య. 2008లో జెఫ్రీ ఆర్నెట్ లెక్క ప్రకారం పెద్ద జర్నల్స్‌లో స్టడీ చేసిన మనుషుల్లో 96 శాతం పాశ్చాత్య దేశాలవాళ్ళే, ప్రపంచ జనాభాలో వాళ్ళ వాటా 12 శాతమే. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఇంకో ఇద్దరు దీన్ని పెద్ద చర్చ చేశారు. సమాన పొడవున్న రెండు గీతల్లో ఒకటి పొడవుగా కనపడే ముల్లర్-లయర్ భ్రమ కూడా అన్ని సమాజాల్లో ఒకేలా లేదు, ఆఫ్రికాలో కలహారి ఎడారిలో ఉండే సాన్ ప్రజలకి దాదాపు లేదు. కంటికి కనపడే దాంట్లోనే ఇంత తేడా ఉంటే, అమెరికా స్టూడెంట్ల మీద తేల్చిన పెంపకం, పెళ్ళి, కోపం సంగతులు గుంటూరుకో కరీంనగర్‌కో అలాగే వర్తిస్తాయని రాసేవాళ్ళు ఆలోచించాలి.

ట్రీట్‌మెంట్ దగ్గర ఈ ప్రశ్నకి ప్రాణం విలువ ఉంది

యాక్సిడెంట్ జరిగిన వెంటనే బాధితుడితో ఆ సంఘటన మొత్తం ఒకసారి చెప్పించి, ఫీలింగ్స్ బయటికి తెప్పిస్తే తర్వాత మానసిక సమస్య రాదని చాలా ఏళ్ళు నమ్మారు, వినడానికి మంచిగానే ఉంది. ఇంగ్లండ్‌లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్ళని లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుకే ఇది చేశారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, మొదట్లో బాగా కలతపడినవాళ్ళలో ఈ సెషన్ చేయించుకున్నవాళ్ళు అలాగే ఉండిపోయారు, చేయించుకోనివాళ్ళు కోలుకున్నారు. 2000లో వచ్చిందీ స్టడీ. తర్వాత బ్రిటన్ గైడ్‌లైన్స్ ఇలాంటి సెషన్‌ని రొటీన్‌గా చేయొద్దన్నాయి. మంచి మనసుతో చేసే పని కూడా హాని చేయొచ్చని కనిపెట్టింది సైకాలజీ పద్ధతే.

మన దేశంలోనే గోవాలో విక్రమ్ పటేల్, సంగత్ సంస్థ చేసిన ట్రయల్ ఇంకో ఉదాహరణ. ప్రైమరీ హెల్త్ సెంటర్లకి వచ్చిన తీవ్రమైన డిప్రెషన్ ఉన్న దాదాపు 500 మందిని రెండు గ్రూపులు చేశారు, ఒక గ్రూపుకి మామూలు వైద్యం, రెండో గ్రూపుకి దాంతోపాటు ట్రైనింగ్ ఇచ్చిన మామూలు మనుషులతో 6 నుంచి 8 కౌన్సెలింగ్ సెషన్లు. మూడు నెలలకి డిప్రెషన్ నుంచి బయటపడినవాళ్ళు మొదటి గ్రూపులో 39 శాతం, రెండో గ్రూపులో 64 శాతం. కౌన్సెలింగ్ అంటే ఊరికే కబుర్లు అనేవాళ్ళకి ఈ రెండు నంబర్లు చూపించొచ్చు, అలాగే బోర్డు పెట్టుకున్న ప్రతి కౌన్సెలర్ దగ్గరా ఇదే ఫలితం వస్తుందని మాత్రం ఈ నంబర్లు చెప్పవు.

రూల్స్ మారాక ఏమైంది

2013 నుంచి కొన్ని జర్నల్స్ రిజిస్టర్డ్ రిపోర్ట్ అనే పద్ధతి తెచ్చాయి. ఎవరిని తీసుకుంటాం, ఏం కొలుస్తాం, ఏ లెక్క వేస్తాం అన్నది ప్రయోగానికి ముందే రాసి పంపాలి, ప్లాన్ బాగుంటే రిజల్ట్ ఏదొచ్చినా వేస్తామని జర్నల్ ముందే మాటిస్తుంది. 2021లో పోల్చి చూస్తే, మామూలు సైకాలజీ పేపర్లలో 96 శాతం మేం అనుకున్నదే నిజమైందని చెప్పాయి, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతమే. ఆ తేడా చూస్తే పాత రీసెర్చ్ పేపర్లని ఎంత వడపోసుకుని చదవాలో అర్థమవుతుంది, అదే టైంలో తన తప్పుని ఇంత బాహాటంగా లెక్కపెట్టుకున్న సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి. మీల్ చెప్పిన థియరీ సమస్య మాత్రం ఈ రూల్స్‌తో తీరలేదు.

లై డిటెక్టర్: ఒక క్లెయిమ్‌ని ఇలా విప్పి చూడొచ్చు

లై డిటెక్టర్ అని పిలిచే పాలీగ్రాఫ్ మెషిన్ గుండె వేగం, ఊపిరి, చెమట కొలుస్తుంది, కొలత వరకు పక్కా. ఆ కొలత నుంచి అబద్ధం అని నిర్ణయానికి దూకడం దగ్గరే సమస్య, భయపడే నిజాయితీపరుడికీ గుండె వేగం పెరుగుతుంది. మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో పాలీగ్రాఫ్, నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ టెస్టులని మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని తేల్చింది, తీర్పులో రాజ్యాంగ హక్కులతో పాటు ఈ టెస్టుల నమ్మకం ఎంత అన్నదాన్ని కూడా చర్చించింది.

అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003లో పాలీగ్రాఫ్ మీద ఉన్న స్టడీలన్నీ తిరగేసి, ఇది ఊరికే గెస్ కంటే చాలా మెరుగు, కానీ పర్ఫెక్ట్‌కి చాలా దూరం అని చెప్పి ఒక లెక్క వేసి చూపించింది. ఒక సంస్థలో 10,000 మంది ఉద్యోగులు, అందులో 10 మంది గూఢచారులు. టెస్ట్ చాలా బాగా పనిచేస్తుందనే అనుకుని, పది మందిలో 8 మంది దొరికేలా సెట్ చేస్తే, వాళ్ళతో పాటు ఏ తప్పూ చేయని మరో 1,600 మంది దాకా కూడా ఫెయిలవుతారు. మెషిన్ పట్టిచ్చిన ప్రతి రెండు వందల మందిలో అసలు గూఢచారి ఒక్కడే.